ప్లగ్ పెట్టినా ఎక్కని చార్జింగ్

అచ్యుతాపురంలో ఓ ఇల్లు అనుకుందాం. సెజ్‌లో రెండో షిఫ్టు ముగించుకుని తండ్రి ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదివే కూతురు ఇంకా పడుకోలేదు. ల్యాప్‌టాప్ ముందు ముఖం వేలాడేసుకుని కూర్చుంది.

‘ఏటయిందమ్మా?’

‘చార్జింగ్ ఎక్కట్లేదు నాన్నా. పదిహేడు శాతమే ఉంది. ఎల్లుండి ప్రాజెక్టు ఇవ్వాలి. అంతా ఇందులోనే ఉంది.’

ప్లగ్ పెట్టే ఉంది. తెర మీద మాత్రం ఓసారి ‘ప్లగ్డ్ ఇన్, నాట్ చార్జింగ్’ అని వస్తుంది, మరోసారి అసలు ప్లగ్ పెట్టినట్టే గుర్తించదు. వైరు మెలిపెట్టి పట్టుకుంటే లైటు వెలుగుతుంది, చెయ్యి తీస్తే ఆరిపోతుంది. బోర్డు పోయిందేమో, వేలల్లో ఖర్చవుతుందేమో అని ఇద్దరికీ బెంగ.

ఇలాంటప్పుడు అందరి చెయ్యీ వైరు మీదికే పోతుంది. కానీ ముందు చేయాల్సింది మరమ్మతు కాదు. ఆ పదిహేడు శాతం ఉండగానే ప్రాజెక్టు ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. తెర వెలుగు తగ్గించి, వైఫై ఆపేస్తే ఆ కాస్త చార్జింగే చాలాసేపు వస్తుంది. యంత్రం పోతే మరొకటి కొనుక్కోవచ్చు, ఆర్నెల్ల పని మాత్రం కొనుక్కోలేం.

ఇక అసలు సంగతి. గోడలోంచి బయల్దేరిన కరెంటు బ్యాటరీ దాకా చేరాలంటే మధ్యలో నాలుగైదు మజిలీలున్నాయి. అది ఎక్కడ ఆగిపోయిందో వరసగా చూసుకుంటూ వస్తే సగం జబ్బులు ఇంట్లోనే తేలిపోతాయి. దారి చివర ఉండే మదర్‌బోర్డును మొదటే అనుమానించడం దండగ.

మొదటిది సాకెట్టు. ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసేసి నేరుగా గోడకు పెట్టాలి. అదే సాకెట్లో ఫోన్ చార్జర్ పెట్టి చూస్తే దాని సంగతి తేలుతుంది.

రెండోది అడాప్టరు, అంటే ఆ నల్ల ఇటుక. గోడలోని 230 వోల్టుల కరెంటును ఇది సుమారు 19, 20 వోల్టులకు దించి, ఏసీని డీసీగా మారుస్తుంది. గోడ నుంచి ఇటుకకు వచ్చే వైరు చాలా వాటిలో విడిగా ఊడి వస్తుంది. అది సడలిపోయి ఉంటే గట్టిగా నొక్కడంతోనే వైద్యం పూర్తయినట్టే! ఇటుకను దాటాక వైరు పిన్ను దగ్గర ఎక్కువగా వంగుతుంది, లోపల తెగేదీ అక్కడే. పైకి రబ్బరు నున్నగా ఉంటుంది కాబట్టి కంటికి కనిపించదు.

ఇందులో చాలామందికి తెలియని కిటుకొకటి ఉంది. కొన్ని కంపెనీల పిన్ను మధ్యలో సన్నటి సూదిలాంటిది ఉంటుంది. అది కరెంటు మోసేది కాదు. ‘నేను ఇన్ని వాట్ల అడాప్టరును’ అని ల్యాప్‌టాప్‌కు కబురు చెప్పేది. ఆ సూది వంగినా, దాని తీగ తెగినా కరెంటు వస్తూనే ఉంటుంది, కబురు మాత్రం అందదు. వచ్చినది ఎవరో తెలియక యంత్రం బ్యాటరీ తలుపు మూసేస్తుంది. మన అమ్మాయి తెర మీద కనిపించే మాటకు ఇదే కారణం కావచ్చు.

తేల్చుకోవడానికి తేలికైన దారి, అదే మోడల్ వాడే వాళ్ల దగ్గర అడాప్టరు ఓ పది నిమిషాలు అడిగి తెచ్చుకోవడం. పిన్ను పట్టింది కదా అని ఏది పడితే అది పెట్టకూడదు. ఇటుక మీద రాసి ఉన్న వోల్టులు పాతదానితో సరిపోవాలి, ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. టైప్-సీ పిన్ను ఉన్న ల్యాప్‌టాప్‌లకు మామూలు ఫోన్ చార్జర్ చాలకపోవచ్చు. వీటిలో ఎక్కువవాటికి 45, 65 వాట్ల పవర్ డెలివరీ చార్జర్ కావాలి, కేబులూ అందుకు తగ్గదై ఉండాలి.

వేరే అడాప్టరు పెట్టినా వైరు కదిపితేనే లైటు వస్తోందంటే దోషం ల్యాప్‌టాప్ పక్కనున్న జాక్‌ది. చాలా మోడళ్లలో అది చిన్న వైరుతో వచ్చే విడి ముక్క, బోర్డు జోలికి పోకుండానే మార్చవచ్చు. కొన్నింటిలో బోర్డుకే అతికి ఉంటుంది, అది చేయి తిరిగినవాళ్ల పని. ఏదైనా సరే, రబ్బరు బ్యాండ్లు కట్టి, కింద పుస్తకాలు పెట్టి నెట్టుకురావద్దు. సడలిన చోట నిప్పురవ్వలు లేచి జాక్ నల్లబడుతుంది. పూడిమడక తీరం పక్కనే ఉన్న ఊరు కదా, ఉప్పుగాలికి లోహపు భాగాలు చిలుమెక్కడమూ ఉంటుంది.

బ్యాటరీ ఊడివచ్చే పాత మోడలైతే మరో పరీక్ష. అడాప్టరూ బ్యాటరీ రెండూ తీసేసి పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కి పట్టుకోవాలి. తర్వాత అడాప్టరు ఒక్కటే పెట్టి ఆన్ చేయాలి. నిలకడగా పనిచేస్తే అనుమానం బ్యాటరీ మీదికి మళ్లుతుంది.

అరవై, ఎనభై శాతం దగ్గర ఆగిపోతే మాత్రం కంగారు పడి కొత్త బ్యాటరీ కొనెయ్యకండి. బ్యాటరీ ఆయుష్షు కోసం కంపెనీలే పెట్టిన ఏర్పాటు అయి ఉండవచ్చు, సెట్టింగుల్లో వెతికితే దొరుకుతుంది. మే నెల ఉక్కపోతలో పరుపు మీద పెట్టి వాడినప్పుడు వేడెక్కి చార్జింగ్ ఆగడమూ మామూలే. చల్లారనిస్తే చాలు.

బ్యాటరీ నిజంగా ముసలిదైందా? విండోస్ 8, ఆ తర్వాత వచ్చినవాటిలో ఆ లెక్క యంత్రమే చెబుతుంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ‘పవర్’ అనే మాటకు సి, ఎఫ్, జి అక్షరాలు కలిపి, ఖాళీ వదిలి, ఏటవాలు గీత పెట్టి, ‘బ్యాటరీరిపోర్ట్’ అని ఒకే మాటగా ఇంగ్లిషులో కొడితే చాలు. డిజైన్ కెపాసిటీ 48,000 అని, ఫుల్ చార్జ్ కెపాసిటీ 19,200 అని వస్తే మిగిలింది నలభై శాతమన్నమాట.

లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. దాని వెనకున్న పరిశోధనకు గుడ్‌ఇనఫ్, విటింగమ్, యోషినోలకు 2019లో రసాయన నోబెల్ వచ్చింది. అంతటి బ్యాటరీకీ ముసలితనం తప్పదు. అది ఉబ్బితే మాత్రం ఆటలాడకూడదు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, బల్ల మీద పెట్టిన ల్యాప్‌టాప్ ఊగుతున్నా వెంటనే ఆపేసి ప్లగ్ తీసేయాలి. నొక్కడం, గుచ్చడం, చెత్తబుట్టలో పడేయడం ప్రమాదం. మంటలంటుకునే భయంతోనే 2006లో డెల్ కంపెనీ 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను వెనక్కి పిలిచింది. మన దేశంలో వాడేసిన బ్యాటరీలు తిరిగి సేకరించే బాధ్యతను 2022 నాటి నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి.

మళ్లీ మన ఇంటికొద్దాం. తెల్లారి పక్కింటి అన్నయ్య అడాప్టరు పెట్టగానే లైటు నిలబడింది. జాక్ బాగానే ఉంది, బోర్డూ బాగానే ఉంది, పోయింది పిన్ను దగ్గరి తీగే. రిపోర్టు చూస్తే బ్యాటరీలో మిగిలింది సగం కంటే తక్కువ. దాన్ని పరీక్షలయ్యాక మార్చుకోవచ్చని, ముందు అడాప్టరు ఒక్కటే కొనాలని తండ్రి తేల్చాడు. కూతురు పాత ఇటుక మీది వోల్టులు, ఆంపియర్లు కాగితం మీద రాసి, బీఐఎస్ ముద్ర ఉందో లేదో చూసి మరీ తెమ్మని చెప్పింది.

ఇకమీదట కరెంటు పోతే ఆ బ్యాటరీ ఎంతసేపు ఆదుకుంటుందో చెప్పలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని దాటాక రోజుల తరబడి చీకట్లో గడిపిన ప్రాంతమది. అందుకే ఆ అమ్మాయి పది నిమిషాలకోసారి సేవ్ చేస్తోంది. పెన్‌డ్రైవ్ మాత్రం నాన్న చొక్కా జేబులో ఉంది.