పిలిస్తే పలకని పిల్లవాడు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒక తల్లి రాసిన ఉత్తరాన్ని ముందుగా తీసుకుంటున్నాను. ఆమె కొడుకు నాలుగో తరగతి. వెనక నుంచి పిలిస్తే పలకడట. ఎదురుగా నిలబడి అడిగితే చక్కగా జవాబు చెబుతాడట. డిక్టేషన్‌లో ఒక మాటకి ఇంకో మాట రాస్తాడట. పొడగరి గనుక బళ్ళో ఆఖరి బెంచీలో కూర్చోబెట్టారు. మొండితనమని తండ్రి కొడుతున్నారు. తెలివి పెరగడానికి మంచి టానిక్కు రాయమని ఆమె కోరిక.

అమ్మా, టానిక్కు రాయను. మీ పెద్దమ్మాయి హైస్కూల్లో చదువుతోందన్నారు గదా, ఆ అమ్మాయి సైన్సు పుస్తకం ఒకసారి తీయించండి. ధ్వని, కాంతి అని రెండు పాఠాలుంటాయి. పరీక్షల కోసం బట్టీపట్టి మరిచిపోయే పాఠాలవి. మీ అబ్బాయి సంగతి వాటిలోనే వుందని నా అనుమానం.

బడి ప్రయోగశాలలో శ్రుతిదండం అని రెండు కొమ్ముల ఉక్కు పరికరం వుంటుంది. కొట్టి నీళ్ళకి తాకిస్తే నీళ్ళు చిందుతాయి. అంటే అది కంపిస్తోందన్నమాట. ఆ కంపనం పక్కనున్న గాలిని నెడుతుంది, ఆ గాలి దాని పక్క గాలిని నెడుతుంది. గాలి మాత్రం వున్నచోటే వుంటుంది, వూపు ఒక్కటే ప్రయాణం చేస్తుంది. సెకనుకి సుమారు 340 మీటర్ల వేగంతో వచ్చే ఈ వూపే ధ్వని తరంగం. సెకనుకి ఎన్ని కంపనాలో అది పౌనఃపున్యం. ఆరోగ్యమైన చెవికి 20 నుంచి 20,000 వరకూ వినిపిస్తాయి.

ఈ తరంగం చెవిలో దూరి కర్ణభేరిని కదిలిస్తుంది. ఇక్కడే ప్రకృతికి ఒక చిక్కు వచ్చింది. లోపలి చెవిలో వున్నది గాలి కాదు, ద్రవం. చెరువులో మునిగినవాడికి గట్టుమీద మాటలు వినిపించవు, ఎందుకంటే గాలిలోంచి వచ్చిన ధ్వనిలో చాలా భాగం నీటిని తాకి వెనక్కి పోతుంది. ఈ నష్టం పూడ్చడానికే మధ్య చెవిలో సుత్తి, దాగలి, అంకవన్నె అనే మూడు చిన్న ఎముకలున్నాయి. కర్ణభేరి మీద పడిన ఒత్తిడిని ఇవి సుమారు 20 రెట్లు చేసి లోపలికి అందిస్తాయి.

ఈ మధ్య చెవి నుంచి గొంతు వెనక్కి ఒక సన్నని గొట్టం వుంటుంది. పిల్లల్లో అది పొట్టిగా, దాదాపు అడ్డంగా వుంటుంది. జలుబు చేసినా, ముక్కు వెనక ఎడినాయిడ్లు పెరిగినా మూసుకుపోతుంది. అప్పుడు మధ్య చెవిలో జిగట నీరు చేరుతుంది. నొప్పి వుండకపోవచ్చు, చీము కారదు. అంచేత ఎవరికీ అనుమానం రాదు. కాని ఎముకలు మునుపటిలా కదలవు.

అలాంటి పిల్లవాడికి అసలు వినిపించదా అంటే, వినిపిస్తుంది. అందుకే పెద్దవాళ్ళు మోసపోతారు. మన మాటల్లో అచ్చులు బలమైన ధ్వనులు, హల్లులు బలహీనమైనవి. స, శ వంటివి పైస్థాయిలో పలికే మెత్తని ధ్వనులు. ధ్వని కాస్త తగ్గిందంటే ముందు పోయేవి హల్లులే. పాట, కాట, చాట, తాట అని వరుసగా చెప్పి చూడండి. హల్లులు తీసేస్తే నాలుగూ ఒక్కటే. మీరు ఎదురుగా వున్నప్పుడు వాడు మీ పెదవులు చూసి మిగతాది పూరించుకుంటున్నాడు. వెనక నుంచి పిలిస్తే ఆ ఆధారం లేదు. డిక్టేషన్‌కి తల వంచితే అసలే లేదు. నన్నడిగితే, అంత అవస్థలోనూ నాలుగో తరగతికి వచ్చినవాడు మొద్దు కాడు, గట్టివాడు.

బడిలో వుండే శ్రుతిదండమే మా ఆస్పత్రి బల్లమీదా వుంటుంది. దాన్ని మోగించి చెవి వెనక ఎముకకి ఆనించి, తర్వాత చెవి ముందు పెట్టి, ఎక్కడ గట్టిగా వినబడిందో అడుగుతాము. మామూలుగా చెవి ముందే గట్టిగా వుండాలి. ఎముక మీద గట్టిగా వుంటే దారిలో ఏదో అడ్డుందని అర్థం. స్వల్పమైన లోపం దీనికి చిక్కకపోవచ్చు గనుక ఆడియోమీటరు పరీక్ష కూడా చేయించాలి. చాలామంది పిల్లల్లో ఈ నీరు మూడు నెలల్లో దానంతటదే పోతుంది. పోకపోతే చిన్న ఆపరేషనుతో తీస్తారు. వేడినూనె, వెల్లుల్లి రసం పోయకండి. పిన్నీసులూ అగ్గిపుల్లలూ చెవి దరికి రానివ్వకండి.

మీ పెద్దమ్మాయికి ఒక మాట. లోపలి చెవిలో నత్తగుల్ల వంటి భాగంలో సన్నని కేశకణాలు పదిహేను వేల పైచిలుకు వుంటాయి. ఇవి చచ్చిపోతే మళ్ళీ మొలవవు. 10 డెసిబెల్లు పెరగడమంటే ధ్వని శక్తి పది రెట్లు కావడం. ఫాక్టరీ పనివాళ్ళకి 85 డెసిబెల్లలో 8 గంటలు హద్దుగా పెడితే, అదే లెక్కన 100 డెసిబెల్లకి పావుగంటే హద్దు. పెళ్ళి ఊరేగింపులో డీజే పెట్టె పక్కన నడిచేవాళ్ళు, ఇయర్‌ఫోన్లు పెట్టుకునే నిద్రపోయేవాళ్ళు ఈ లెక్క వేసుకోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకూ మైకులు పెట్టరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. మా వీధిలో ఎవరూ చదివినట్లు లేదు.

చెవి చూపించినప్పుడే కళ్ళు కూడా చూపించండి. ఆఖరి బెంచీకి మాటే కాదు, నల్లబల్ల కూడా దూరమే. కాంతి కూడా తరంగమే గాని, దానికి గాలి అక్కర్లేదు. సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఉరుము కన్నా మెరుపు ముందు రావడం అందుకే. కంటి నల్లగుడ్డు మీది పారదర్శకపు పొరలో ప్రవేశించగానే కాంతి వేగం తగ్గి, దారి వంగుతుంది. అలా వంగి సరిగ్గా వెనకనున్న రెటీనా మీద కలవాలి. కనుగుడ్డు ఒక్క మిల్లీమీటరు పొడుగైతే కిరణాలు ముందే కలిసిపోయి, సుమారు మైనస్ మూడు పవరు లోపం వస్తుంది.

పోస్టుకార్డుకి గుండుసూదితో బెజ్జం వేసి, ఒక కన్ను మూసి, రెండోకంటితో అందులోంచి గోడమీది క్యాలెండరు చూడమనండి. ముందుకన్నా స్పష్టంగా కనిపిస్తే కళ్ళజోడు అవసరమై వుంటుంది. కళ్ళజోడు పెడితే పవరు పెరుగుతుందన్న భయం వద్దు. రోజూ కాసేపు ఆరుబయట వెలుతురులో ఆడుకునే పిల్లలకి హ్రస్వదృష్టి రావడం తక్కువని తేలింది.

ఇవన్నీ చెబుతున్న నేను మా అమ్మాయి విషయంలో రెండేళ్ళు గమనించలేదు. కళ్ళజోడు పెట్టిన రోజున ఇంటికొస్తూ, "నాన్నా, చింతచెట్టుకి ఆకులు విడివిడిగా వుంటాయా?" అని అడిగింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అమ్మా, రేపే బడికి వెళ్ళి బాబుని ముందు బెంచీకి మార్పించండి. ఈ వారంలోనే ప్రభుత్వాస్పత్రి చెవి, ముక్కు, గొంతు విభాగానికి తీసుకురండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో బడి పిల్లల చూపూ వినికిడీ పరీక్షించే ఏర్పాటుంది, ప్రధానోపాధ్యాయుణ్ణి అడగండి. ఈ ఉత్తరం వాళ్ళ నాన్నగారికి చూపించండి, చెవి మీద కొడితే కర్ణభేరి చిరుగుతుందని కూడా చెప్పండి. చెవి వెనక వాపు, జ్వరం, కళ్ళు తిరగడం, వీటిలో ఏది కనబడినా నాకు రాసి జవాబు కోసం చూడకండి. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి.