కాంట్రాక్టరు బిర్యానీ వద్దు, మన షీర్ ఖుర్మా చాలు

రంజాన్ చివరి పది రోజులు వచ్చాయంటే మన ఉద్యోగ సోదరుల మధ్య ఒక చర్చ మొదలవుతుంది. ‘ఈసారి ఆఫీసులో ఈద్ మిలాప్ ఘనంగా జరపాలి’ అంటారు కొందరు. ‘అంత డబ్బు ఎక్కడిది?’ అంటారు మరికొందరు. అప్పుడు ఒక మూల నుండి మూడో గొంతు లేస్తుంది: ‘ఫలానా కాంట్రాక్టరుకు ఒక మాట చెబితే సరి, ఆయన కాదనడు.’ ఈ మూడో గొంతుపైనే మా అభియోగం. ఎందుకంటే ఒకప్పుడు ఆ మాటకు తలలూపిన వారిలో మేమూ ఉన్నాము.

చాలా ఏళ్ళ క్రితం మేము గుమాస్తాగా పనిచేసిన ఒక కార్యాలయంలో ఈద్ మిలాప్ అలాగే జరిగింది. రెండు దేగ్‌ల బిర్యానీ, ఖుబానీ కా మీఠా, పూలదండలు, షామియానా. అధికారులు మెచ్చుకున్నారు. మేమూ కడుపునిండా తిన్నాము. మూడు నెలల తరువాత ఆ కాంట్రాక్టరు ఒక బిల్లుతో మా బల్ల ముందు కూర్చున్నాడు. బిల్లులోని కొలతలకూ, ఎం.బుక్కులోని కొలతలకూ పొంతన లేదు. ఆయన బిర్యానీ ఊసెత్తలేదు. ‘మొన్న మీ పండుగ బాగా జరిగింది కదా సాబ్’ అన్నాడు, అంతే. మేము ఆ బిల్లును తిప్పి పంపాము. కానీ పంపే ముందు మా కలం కొన్ని క్షణాలు ఆగింది. ఆ కొన్ని క్షణాలు ఎక్కడి నుండి వచ్చాయో మాకు బాగా తెలుసు. అవి ఆ దేగ్‌లోంచే వచ్చాయి.

దైవప్రవక్త (స) జకాత్ వసూలుకు పంపిన ఒక వ్యక్తి తిరిగివచ్చి, కొంత సొమ్మును బైతుల్‌మాల్‌కు అప్పగించి, మిగిలినది తనకు ప్రజలు ఇచ్చిన కానుక అని చెప్పుకున్నాడు. అతడు తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక అతడిని వెతుక్కుంటూ వచ్చేదా అని ప్రవక్త (స) ప్రజల సమక్షంలో నిలదీశారు. ఈ ఉదంతం మన జుమా ప్రసంగాల్లో ఎన్నిసార్లు విన్నాము! మనం ఆ కుర్చీలో లేకపోతే ఆ కాంట్రాక్టరు మన పండుగకు బిర్యానీ పెట్టేవాడా? ధర్మం మాట అలా ఉంచినా, 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి కూడా ప్రభుత్వ ఉద్యోగి కానుకలు పుచ్చుకోవడానికి హద్దులు విధించింది. నెల రోజులు హలాల్ నీళ్ళను సైతం పగటిపూట ముట్టని మనం, పండుగ ముగిసిన మూడో రోజే అనుమానపు అన్నానికి చేయి చాచడం ఏమి న్యాయం?

కాంట్రాక్టరు లేని చోట మరో తప్పు జరుగుతోంది. తలకు ఇంత అని చందా నిర్ణయించి అందరి దగ్గరా ఒకే రేటున వసూలు చేయడం. సూపరింటెండెంటుకూ, ఔట్‌సోర్సింగ్ స్వీపరుకూ ఒకే మొత్తమా? రెండు నెలలుగా జీతం అందని మనిషి ఆ చందా ఇవ్వలేక, ఇవ్వలేనని చెప్పలేక, ఆ రోజు సెలవు పెడతాడు. లోపల మనం కౌగిలించుకుని ‘ఈద్ ముబారక్’ చెప్పుకుంటూ ఉంటాము. వలీమా విందుల విషయంలో, ధనికులను పిలిచి పేదలను వదిలేసే విందు అతి చెడ్డ విందు అని ప్రవక్త (స) హెచ్చరించారు. ఈద్ విందుకు ఆ హెచ్చరిక వర్తించదా? ఈద్ నమాజుకు ముందే ఫిత్రా చెల్లించాలని మనపై విధి చేయబడింది పేదవాడు కూడా పండుగ నాడు తలెత్తుకు తిరగాలనే కదా! ఆ ఫిత్రా ఇచ్చిన చేత్తోనే పేదవాడి జేబులో చేయి పెట్టరాదు.

‘ఘనంగా చేయకపోతే మన పరువేమి కావాలి?’ అని అడిగే సోదరులు ఉన్నారు. పరువు దేగ్ సైజును బట్టి రాదు. 2006లో సచార్ కమిటీ తన నివేదికలో, దేశ జనాభాలో 13.4 శాతం ఉన్న ముస్లింలు ఐ.ఏ.ఎస్.లో 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం మాత్రమే ఉన్నారని లెక్క తేల్చింది. ఏ ఈద్ విందూ ఆ అంకెను పెంచలేదు. ఆఫీసులో మనం కొద్దిమందిమి. కొద్దిమందికి పరువు నిజాయితీ వల్ల వస్తుంది. ‘వాళ్ళ పండుగకు ఫలానా వాడు పెట్టాడట’ అనే ఒక్క మాట ఎన్నో ఏళ్ళ నిజాయితీని తుడిచివేస్తుంది.

ఇక ఖర్చు సంగతి. నలభై మంది ఉన్న కార్యాలయానికి ఏడు లీటర్ల పాలు, అరకిలోకు కొంచెం ఎక్కువ సేమ్యా, కిలో చక్కెర, కొంత నెయ్యి, జీడిపప్పు, కిస్‌మిస్, సారపప్పు, ఎండు ఖర్జూరం చాలు. తలకు రెండు చొప్పున ఉల్లి సమోసాలు. పళ్ళెంలో పెట్టడానికి రెండు కిలోల ఖర్జూరాలు. మేము లెక్క వేసి చూశాము, మూడు నాలుగు వేల రూపాయల్లో ముగుస్తుంది. ఇంటి నుండి వండి తెస్తే ఇంకా తగ్గుతుంది. ఆఫీసులో ముస్లిం ఉద్యోగులు ఆరుగురుంటే, పెద్ద జీతగాళ్ళు ఎక్కువా చిన్న జీతగాళ్ళు తక్కువా వేసుకుంటే ఎవరికీ భారం కాదు. ఎవరు ఎంత ఇచ్చారో రాసే కాగితం ఒక్కరి దగ్గరే ఉండాలి, దానిని గోడకు అంటించరాదు. మాంసం లేదు కాబట్టి శాకాహారులైన సహోద్యోగులు సంకోచించనక్కరలేదు. భోజన విరామంలో అరగంట చాలు కాబట్టి ఆఫీసు పని ఆగదు. వాచ్‌మన్‌కూ, స్వీపరుకూ, టీ తెచ్చే కుర్రవాడికీ మొదటి కప్పు ఇవ్వాలి. సాహెబు గారికి తరువాత ఇచ్చినా నొచ్చుకోరు. నొచ్చుకుంటే, అది ఆయన సమస్య.

మరో వైపు నుండి వచ్చే ఆక్షేపణకూ జవాబు చెప్పాలి. ‘ఆఫీసులో మతమెందుకు?’ అంటారు. మన వాళ్ళలోనూ కొందరు ‘ఈ రోజుల్లో మనం కనబడకుండా ఉండడమే మేలు’ అని భయపడతారు. దసరాకు ఆఫీసుల్లో ఆయుధపూజ జరుగుతుంది, ప్రసాదం పంచుతారు. బతుకమ్మ ఆడతారు. క్రిస్మస్‌కు కేకు కోస్తారు. మేము ముప్పై ఏళ్ళు ఆ సంతోషాల్లో పాలుపంచుకున్నాము, వాటిని ఎవరూ ఆపాలని ఏనాడూ కోరుకోలేదు. ఆ తలుపు అందరికీ తెరిచి ఉన్నప్పుడు మనకు మాత్రం ఎందుకు మూసుకోవాలి? రాజ్యాంగం 14వ అధికరణం చట్టం ముందు అందరూ సమానులే అంటుంది. అదే రాజ్యాంగంలోని 27వ అధికరణం, ఏ మతాన్నయినా పోషించేందుకు పన్ను కట్టమని ఎవరినీ నిర్బంధించరాదని చెబుతుంది. కాబట్టి ప్రభుత్వ సొమ్ము మనం అడగము. ఇతర పండుగలకు ఇచ్చే హాలునే మనకూ ఇవ్వమని, అంతే సమయం ఇవ్వమని, సిబ్బంది సంక్షేమ నిధి నుండి ఇతరులకు ఇస్తుంటే అంతే మనకూ ఇవ్వమని అడుగుతాము. నోటిమాటగా కాదు, దరఖాస్తు రాసి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని అడుగుతాము. ఒప్పుకుంటే ధన్యవాదాలు, నిరాకరిస్తే కారణం కాగితం మీద ఇవ్వమంటాము. కాంట్రాక్టరును అడగడం కన్నా ఇలా అడగడం కష్టం. అందుకే చాలామంది కాంట్రాక్టరును అడుగుతారు. హక్కును అడిగే ధైర్యం లేనివాడే దయను వెతుక్కుంటాడు.

చివరగా ఒక మాట. రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు గంట ముందుగా ఇంటికి వెళ్ళవచ్చని మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఉత్తర్వులు ఇస్తూ వస్తున్నాయి. మీ ఆఫీసు గేటు దగ్గరి ఔట్‌సోర్సింగ్ సోదరుడికి ఆ గంట దొరికిందా? పండుగ రోజున ఆయనకు సెలవు ఇచ్చారా, ఇస్తే ఆ రోజు కూలి కోశారా? ఈద్ మిలాప్‌లో ఆయన పక్కన కూర్చుని ఈ రెండు ప్రశ్నలు అడగండి. జవాబు వినండి. మరునాడు ఆ జవాబును దరఖాస్తుగా మార్చి అధికారి బల్ల మీద పెట్టండి. ఖరీదైన విందు ఈ పని చేయలేదు, ఎందుకంటే ఆ విందులో ఆయనకు మనం వడ్డించే పని అప్పగించి ఉంటాము.

సోదర సోదరీమణులారా! వచ్చే ఈద్‌కు మీ కార్యాలయంలో మిలాప్ జరపండి, తప్పకుండా జరపండి. అయితే ప్రతి గుక్కా మన కష్టార్జితం నుండి వచ్చిందై ఉండాలి. ఆ తరువాత ఏ బిల్లు మన బల్ల మీదికి వచ్చినా మన కలం ఒక్క క్షణం కూడా ఆగకూడదు.