వెంచర్ ఫైల్ మీద సంతకం పెట్టే ముందు ఊరంతా సదువాలె

మొన్న పొద్దుగాల మా మండలంల కొత్తగ గెలిచిన ఒక సర్పంచ్ చెల్లె ఫోన్ జేసింది. "అన్నా, పది ఎకరాల వెంచర్ ఫైలు వచ్చింది. రేపే సంతకం గావాలంటున్నరు. గండ్ల ఏమున్నదో నాకు సమజైతలేదు. జర వచ్చి చూస్తవా?" అన్నది. నేను ఇంజనీరును కాదు, వకీలును కాదు. పదో తరగతి తర్వాత నా సదువంతా పంచాయతీ ఆఫీసు అరుగు మీదనే అయ్యింది. అయినా పోయిన.

ముందుగాల సంగతి ఎక్కడికెల్లి మొదలైందో చూద్దాం. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేండ్లు తెలంగాణ పల్లెలకు సర్పంచులు లేరు. స్పెషల్ ఆఫీసర్లే పాలన జేసిండ్రు. 2025 డిసెంబర్ల మూడు విడతల ఎన్నికలైనయి. కొత్త పాలకవర్గాలు కుర్చీల కూసున్నయో లేదో, ఫైళ్ళు పట్టుకొని రియల్ ఎస్టేటోళ్ళు గుమ్మం ముందు నిలబడ్డరు. "మీ దగ్గర ఏం లేదు మేడం, అంతా పైన్నే అయితది, మీది ఉత్త సంతకం" అని ఆ చెల్లెకు చెప్పిండ్రంట.

ఇదే పెద్ద అబద్ధం. లేఅవుట్‌కు టెక్నికల్ అనుమతి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ శాఖ ఇస్తది, హెచ్‌ఎండీఏ పరిధి అయితే హెచ్‌ఎండీఏ ఇస్తది. నిజమే. కాని రోడ్లు, మోరీలు, కరెంటు పూర్తి చేసేదాంక ప్లాట్ల జాగల 15 శాతం పంచాయతీ పేరు మీద తాకట్టు ఉండాలె. మొత్తం జాగల 10 శాతం పార్కు కోసం ఖాళీగ ఇడిచి, పంచాయతీకి గిఫ్ట్ డీడ్ చెయ్యాలె. రేపు వానాకాలం మోరీ పొంగితే జనం వచ్చి అడిగేది కూడా సర్పంచ్‌నే, హైదరాబాద్ ఆఫీసును కాదు.

లెక్క చూడుండ్రి. ఎకరమంటే 4,840 గజాలు. పది ఎకరాల వెంచర్ల 10 శాతమంటే సరిగ్గ ఒక ఎకరం. గజం మూడు వేలకు అమ్ముతుండ్రనుకున్నా, ఆ ఎకరం విలువ 1 కోటి 45 లక్షలు. గది ఊరి ఆస్తి. ఇంటి పన్ను వసూలు చేసి ఎన్నేండ్లకు అంత పైసలు జమ చేస్తది ఒక చిన్న పంచాయతీ?

ఇగ ఆ ఫైల్ల ఏమున్నదో చెప్త. మ్యాపుల పార్కు అని పచ్చ రంగు వేసిన జాగ ఏడున్నదో పోయి చూసినం. అది పాత వ్యవసాయ బావి, దాని పక్కన బండరాళ్ళు. పిల్లలు ఆడుకునే జాగ కాదది, పిల్లలు పడే జాగ. తాకట్టుకు చూపిన ప్లాట్లల్ల సగం చెరువుకు నీళ్ళొచ్చే కాల్వ మీద ఉన్నయి. అంటే రేపు వాడు రోడ్లు వెయ్యకుంట పోతే పంచాయతీ అమ్ముకునేటందుకు మిగిలేది నీళ్ళ కాల్వ! మిషన్ కాకతీయల పైసలు వెట్టి పూడిక తీసిన చెరువది. పూడిక తీసుడెందుకు, ఇప్పుడు నీళ్ళొచ్చే తొవ్వ మూసుడెందుకు?

మూడోది బండ్ల బాట. ఊరి నక్షల గీత గీసి ఉన్నది. వెంచర్ మ్యాపుల లేదు. వెనుక చేన్లున్న రైతులు రేపు నాగలి, ట్రాక్టర్ యాడికెల్లి తీస్కపోవాలె?

"భూమి నాలా కన్వర్షన్ అయ్యింది గదా, ఇంకేం కావాలె?" అన్నడు వచ్చిన ఏజెంటు. నాలా అంటే వ్యవసాయ భూమిని వేరే పనికి వాడుకోవచ్చని మాత్రమే. అది లేఅవుట్ అనుమతి కాదు. 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ప్లాట్లు దాటినా రెరా రిజిస్ట్రేషన్ కూడా ఉండాలె. అది లేకుంట ప్రకటన ఇచ్చుడు, బుకింగ్ తీసుకునుడే తప్పు.

ఇవన్ని చూడకపోతే ఏమైతదో మనం ఇదివరకే చూసినం. 2020 ఆగస్టుల అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు బందువెట్టిండ్రు. ఎల్‌ఆర్‌ఎస్ అంటే 25 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చినయి. వెంచర్ల 10 శాతం ఖాళీ జాగ ఇడువకపోతే, ప్లాటు విలువల 14 శాతం కొన్నోడే కట్టాలె. మూడు లక్షల ప్లాటుకు 42 వేలు. జాగ మింగినోడు ఒకడు, జుర్మానా కట్టేది బిడ్డ పెండ్లికని ప్లాటు కొనుక్కున్న ఆటో డ్రైవర్.

నేను వెంచర్లకు అడ్డం కాదు. ఊర్ల ఇండ్లు కావాలె. నాకు తెల్సిన పోరగాండ్లు శానమంది ప్లాట్లు అమ్మి కమీషన్ మీద బతుకుతున్నరు. "అన్నా, నువ్వు మా పొట్ట కొడ్తున్నవ్" అని ఒక తమ్ముడు నా మొకం మీదనే అన్నడు. వాని కోపం నాకు అర్థమైతది, నౌకర్లు లేవు. కాని తమ్మీ, రేపు ప్లాటు కొన్నోడు కంపెనీని పట్టుకోడు, నీ గల్లా పట్టుకుంటడు. నువ్వు అమ్మింది నీ చిన్నమ్మకు, నీ దోస్తుకు. సక్కటి వెంచర్ అయితేనే నీ మొకం నిలుస్తది.

ఆ చెల్లె సంతకం పెట్టలేదు. ఇంట్ల మొగోళ్ళు వద్దన్నా డప్పు చాటింపు వేపించి గ్రామసభ పెట్టింది. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాల్సిందే. మ్యాపును గోడకు అంటిస్తే, సదువు రాని ఒక ముసలవ్వ ముందుకొచ్చి వేలు పెట్టి చూపించింది: "గీడ నీళ్ళు పోతయి బిడ్డా." ఏ ఇంజనీరూ రాయని ముచ్చట అది. పార్కు మార్చాలె, కాల్వ ఇడువాలె, బాట చూపాలె అని మూడు అభ్యంతరాలు తీర్మానంల రాసి ఫైలు వాపస్ పంపిండ్రు. కంపెనోళ్ళు మళ్ళ వస్తరు, ఒత్తిడి తెస్తరు. కథ అయిపోలేదు.

మీ ఊర్ల వెంచర్ బోర్డు కనవడుతున్నదా? పంచాయతీల సమాచార హక్కు దరఖాస్తు పెట్టుండ్రి, ఊరి స్థాయిల దానికి ఫీజు లేదు. లేఅవుట్ మ్యాపు, గిఫ్ట్ డీడ్, తాకట్టు కాయితం నకలు అడుగుండ్రి. నక్ష ఒక చేతుల, ఫోన్ ఒక చేతుల పట్టుకొని ఆ జాగల నడువుండ్రి. ఎన్నడో ఒక వాన రాత్రి నీళ్ళు తమ తొవ్వ ఎతుక్కుంట వస్తయి. అప్పుడు ఆ తొవ్వల ఎవరి ఇల్లు ఉండాల్నో, ఉండొద్దో ఇయ్యాల్నే తేల్చాలె.