సగం తెలిస్తే చాలునా?

నా పూర్వవిద్యార్థి ఒకడు మ్యూచువల్ ఫండ్లు అమ్మే అర్హత కోసం పరీక్షకు సిద్ధమవుతూ మొన్న మా ఇంటికి వచ్చాడు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెక్యూరిటీస్ మార్కెట్స్ వారు నిర్వహించే ఆ పరీక్షలో 100 ప్రశ్నలు, రెండు గంటల వ్యవధి. 50 మార్కులు వస్తే ఉత్తీర్ణత. తప్పు జవాబుకు కోత లేదు.

“పుస్తకం చదివావా నాయనా?” అన్నాను.

“పాత ప్రశ్నలన్నీ బట్టీ పట్టేశాను మాస్టారూ!”

‘ఎగ్జిట్ లోడ్’ అంటే ఏమిటో మీ అమ్మగారికి చెప్పినట్టు చెప్పమన్నాను. ఆంగ్ల నిర్వచనం గడగడా అప్పగించాడు. తెలుగులో ఒక్క వాక్యం పెగల్లేదు. గడువుకు ముందే సొమ్ము వెనక్కి తీసుకుంటే మినహాయించుకునే రుసుమని నేనే చెప్పవలసి వచ్చింది.

నా ఆగ్రహం ఆ కుర్రవాడిపై కాదు. “బ్యాంకు డిపాజిట్టు వంటిదేనండీ” అన్న మాట నమ్మి, పదవీ విరమణ సొమ్ములో కొంత నేనూ ఒక ఫండులో పెట్టాను. అవసరానికి తీయబోతే అసలే తరిగిపోయింది. అమ్మినవాడు ఈ పరీక్షలో ఉత్తీర్ణుడే!

పద్యం సగమే అప్పగించిన పిల్లవాడి వల్ల ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ అమ్మేవాడికి తెలియని సగం కొనేవాడి కష్టార్జితంలోంచి పోతుంది. మధ్యవర్తి కమిషను లేని ‘డైరెక్ట్’ పథకాలు 2013 జనవరి నుండి ఉన్నాయి. ఆ మాట మన గడపలో కూర్చుని చెప్పేవారెందరు?

కంఠస్థం వేరు, అర్థజ్ఞానం వేరు. ఆ నూరు ప్రశ్నలకు తోడు మరొక్కటి చేర్చాలి: నష్టం ఎలా రాగలదో కొనేవాని భాషలో, నోటితో వివరించడం. అది చేతకానివానికి నూటికి నూరు వచ్చినా అనుమతి ఇవ్వరాదు.