ముక్కు ఆపగల ధూళి, ఆపలేని ధూళి

కుప్పం పరిసరాల గ్రానైట్ క్వారీల నుండి, చిత్తూరు జిల్లాలోని పాలిష్ ఫ్యాక్టరీల నుండి సాయంత్రం ఇల్లు చేరినవారు వుజూ చేస్తూ ముక్కు చీదితే, నీటితోపాటు బూడిదరంగు చీమిడి పడుతుంది. అది చూసి మనం కంగారు పడతాం. నిజానికి ముక్కు తన పని తాను చేసిందనడానికి అదే గుర్తు.

ముక్కు వెంట్రుకలు పెద్ద రేణువులను అడ్డుకుంటాయి. వాటిని దాటినవి లోపలి వంకర దారిలో మలుపు తిరగలేక జిగట పొరకు అంటుకుంటాయి. ఆ పొరను కంటికి కనిపించని సూక్ష్మ కేశాలు నిరంతరం కదులుతూ గొంతువైపు నెడతాయి. ఊపిరి గొట్టాల్లోని కేశాలు కూడా కింది నుండి పైకి, గొంతువైపే నెడతాయి. అక్కడికి చేరినదాన్ని మనకు తెలియకుండానే మింగేస్తాం. కడుపులోని ఆమ్లం మిగతాది చూసుకుంటుంది. తుమ్ము, దగ్గు ఈ కావలికి తోడు.

అయితే రాతిని పొడిగా కోసినప్పుడు లేచే ధూళిలో 5 మైక్రాన్ల కంటే చిన్న రేణువులూ ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఇవి కావలి దాటి ఊపిరితిత్తుల చివరి గాలి గదులకు చేరతాయి. అక్కడ సూక్ష్మ కేశాలు లేవు. రాతిలోని క్వార్ట్జ్ (నల్ల గ్రానైట్‌లో తక్కువ, ఇతర రకాల్లో ఎక్కువ) అక్కడ మచ్చలు కట్టిస్తుంది. అదే సిలికోసిస్, దానిని నయం చేసే మందు లేదు.

వుజూ నీరు ముక్కు వరకే వెళుతుంది. మూతికి చుట్టిన తువ్వాలూ ఈ ధూళిని ఆపలేదు. నీరు పారిస్తూ రాతిని కోయడం, ముఖానికి బిగుతుగా అమరే ఎన్95 మాస్కు ధరించడం అవసరం. పని చొక్కాను మాత్రం వాకిట్లో దులపకండి, నేరుగా నీటిలో నానవేయండి. దులిపితే ఆ ధూళిని పీల్చేది ఇంట్లోని ఆడవారూ, పిల్లలూ.