ఇంటి దొంగ

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. పోపులపెట్టెలో దాచిన చిల్లర మాయమైనప్పుడూ, ఉట్టిమీది మీగడ తరిగిపోయినప్పుడూ ఈ సామెత వాడుకుంటూ ఉంటాం. వాడుకుని, నవ్వుకుని, ఊరుకుంటాం. కాని ఈ మాట మొదట అన్న మహానుభావుడు చిల్లర దొంగతనాన్ని గురించే అన్నాడంటే నాకు నమ్మకం కుదరదు. ఈశ్వరుడంతటివాడి పేరు ఎత్తాడంటే విషయం కాస్త పెద్దదే అయివుండాలి. భక్తుడి మనస్సులోనే కాపురం పెట్టి, భక్తిని ఎత్తుకుపోయే దొంగ ఒకడున్నాడు. ఈవారం వాడి సంగతి కాస్త మాట్లాడుకుందాం.

మనకు వీధిదొంగ భయం జాస్తి. ప్రలోభం అనేది ఎప్పుడూ బయటినుంచే వస్తుందని మన నమ్మకం. పిల్లవాడు చెడిపోతే స్నేహితులు చెడగొట్టారంటాం. ఇంటాయన పేకాట మరిగితే క్లబ్బుని తిడతాం. ఇల్లాలికి కొత్త నగమీద మోజు పుడితే పక్కింటావిడ మెడ కారణమంటాం. తలుపులు బిగించి గడియ వేసుకుంటే చాలు, లోపల ఉన్నవాళ్లం భద్రంగా ఉంటామని మన ధీమా.

విప్రనారాయణుడి కథనే తీసుకోండి. సారంగు తమ్మయ్య వైజయంతీ విలాసమనే పేరుతో కావ్యం రాశాడు. 1954లో భరణీ వారు సినిమా తీశారు. నాగేశ్వరరావు, భానుమతి నటించిన ఆ సినిమా చూసి మన పెద్దవాళ్లు ఎంత కన్నీరు కార్చారో! శ్రీరంగంలో పూలతోట పెంచుకుని, రంగనాథుడికి మాలలు కట్టి ఇచ్చే పరమభక్తుడు దేవదేవి అనే వేశ్య వలలో పడి సర్వస్వం పోగొట్టుకుంటాడు. బంగారుపాత్ర దొంగిలించాడన్న నింద కూడా మోస్తాడు. చివరకు ఆ రంగనాథుడే వచ్చి ఆదుకుంటాడు. కథ విన్నవాళ్లంతా, "పాపం, బంగారంలాంటి మనిషిని అది చెడగొట్టింది" అంటారు.

నాకు మాత్రం ఆ కథలో ఒక చిన్న సంగతి పెద్దదిగా కనిపిస్తుంది. దేవదేవి ఆ తోటకు విలాసాలతో రాలేదు. జీవితం మీద రోసిపోయానని, స్వామి సేవ చేసుకుంటానని, మొక్కలకు నీళ్లు పోస్తానని వచ్చింది. భక్తురాలి వేషంలో వచ్చింది. ఒకనాడు జోరున వాన కురుస్తుంటే, తడుస్తున్న మనిషిని చూసి ఆయనకు జాలి కలిగింది. లోపలికి రమ్మన్నాడు. గడియ తీసింది ఆయన చెయ్యి. తీయించింది ఆయన మనస్సు. అది కూడా దుర్బుద్ధితో కాదు, దయతో! చూశారా, మనలోని మంచి గుణమే పట్టుకుని వచ్చేదాన్ని ఏ గడియ ఆపుతుంది?

అయినా అక్కడ దేవదేవి ఒకతె ఉంది. నెపం వెయ్యడానికి ఒక మనిషి దొరికింది. ఎవరూ లేనిచోట, ఏమీ లేనిచోట ఉంటే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలంటే మనం శ్రీరంగం విడిచి, పదహారువందల ఏళ్ల కిందటి ఈజిప్టు ఎడారికి వెళ్లాలి.

ఎవాగ్రియస్ అని ఒక క్రైస్తవ సన్యాసి. నల్లసముద్ర తీరంలో పొంటస్ అనే ప్రాంతంలో పుట్టాడు. పెద్ద పండితుడు, మంచి వక్త. కాన్‌స్టాంటినోపిల్ మహానగరంలో చర్చి కొలువులో పేరు తెచ్చుకుంటూ ఉండగా, ఒక పెద్ద ఉద్యోగి భార్యతో మనస్సు చిక్కుకుంది. మితిమీరక ముందే మేలుకుని రాత్రికి రాత్రి ఓడ ఎక్కి ఊరు విడిచాడు. జెరూసలేం చేరి జబ్బుపడ్డాడు. కోలుకున్నాక ఈజిప్టు వెళ్లి, అలెగ్జాండ్రియాకు దక్షిణాన ఎడారిలో తపస్సు చేసుకునేవారితో కలిశాడు. 399లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు. చిన్న గది, కాస్త రొట్టె, కాస్త నూనె. పొట్టకోసం పుస్తకాలకు నకళ్లు రాసి ఇవ్వడం. నగరం లేదు, కొలువు లేదు, ఆ మగువ లేదు. ఇక ప్రలోభానికి తావేదీ?

కాని ఆయన అనుభవంతో తెలుసుకున్న నిజం వేరు. నగరంలో ఉన్నవాణ్ణి వస్తువులు బాధిస్తాయి. ఎడారిలో ఉన్నవాణ్ణి తలపులు బాధిస్తాయి. ఈ రెండో పోరు మొదటిదానికంటె చాలా కఠినమైనది. వస్తువు దగ్గరకు కాళ్లు మోసుకెళ్లాలి. తలపు దగ్గరకు కాళ్లు కూడా అక్కరలేదు కదా!

ఆయన ఊరుకోలేదు. లెక్కలగుమాస్తా ఖాతాలు రాసినట్టు ఆ తలపులకు జాబితా రాశాడు. మొత్తం ఎనిమిది: తిండియావ, కామం, ధనాశ, దుఃఖం, కోపం, విసుగు, కీర్తికాంక్ష, గర్వం. తరవాత రెండువందల ఏళ్లకు గ్రెగరీ అనే పోపు దీనినే సవరించి ఏడుగా చేశాడు. ఏడు మహాపాపాలని ఇవాళ ప్రపంచమంతా చెప్పుకునే లెక్కకు మూలం అదే. మన అరిషడ్వర్గం ఆరు. కామ, క్రోధ, లోభ, మదాలు ఇద్దరి ఖాతాలోనూ ఉన్నాయి. మన మోహ మాత్సర్యాలు అక్కడ విడిగా లేవు. వారి విసుగూ, కీర్తికాంక్షా మన లెక్కలో విడిగా లేవు. ఆ రెండింటి దగ్గరే కాసేపు ఆగాలని నా కోరిక. నమ్మకం ఉన్నవాణ్ణి దెబ్బతీసేవి ముఖ్యంగా అవే.

విసుగును ఆయన మిట్టమధ్యాహ్నపు పిశాచమన్నాడు. పొద్దున్న పదింటికి మొదలై రెండింటిదాకా పీడిస్తుందట. సూర్యుడు కదలడు. రోజు యాభై గంటలున్నట్టు తోస్తుంది. సన్యాసి మాటిమాటికీ బయటికి తొంగిచూస్తాడు, ఎవరైనా వస్తున్నారేమోనని. ఈ గది పాడుది, ఈ తోటివాళ్లలో ప్రేమ లేదు, ఇంకోచోటయితే సుఖంగా సాధన చేసుకోవచ్చు, అయినా దేవుణ్ణి ఎక్కడైనా కొలవవచ్చు కదా... ఇలా సాగుతుంది వరస.

ఇది చదివినప్పుడు నాకు నవ్వు ఆగలేదు. సుందరకాండ పారాయణ మొదలుపెట్టిన మా బంధువు ఒకాయన గుర్తుకు వచ్చాడు. మొదటి రోజు ఉత్సాహం, రెండోరోజు శ్రద్ధ, నాలుగోరోజుకు గడియారం. అయిదోరోజున, "ఈ ఇంట్లో పిల్లల గోలతో ఏకాగ్రత కుదరదండీ, అరుణాచలం వెళ్లిపోతే గాని లాభం లేదు" అన్నాడు. సంసారం వదిలి వస్తామన్నవారికి ఆ అరుణాచలంలోనే ఉన్న రమణ మహర్షి ఏం చెప్పేవారో ఆయనకు తెలిసినట్టు లేదు. ఇప్పుడు సంసారినన్న తలపు ఉంది, రేపు సన్యాసినన్న తలపు వస్తుంది, తలపు మాత్రం వెంటనే ఉంటుంది అన్నది మహర్షి మాటల సారాంశం. రైలు టిక్కెట్టు మనకే గాని మనస్సుకు అక్కరలేదు!

ఇక కీర్తికాంక్ష. దీని తంత్రమే వేరు. తక్కిన తలపులు ఓడిపోయినప్పుడు ఇది పుడుతుందంటాడు ఎవాగ్రియస్. తిండియావ జయించామా, జయించామన్న సంబరం రూపంలో ఇది తయారు. గదిలో ఒంటరిగా కూచున్న సన్యాసికి కలలు వస్తాయట: తాను రోగుల్ని బాగుచేస్తున్నట్టు, జనం గుంపులుగా వచ్చి తలుపు తడుతున్నట్టు, వద్దు వద్దంటున్నా బలవంతాన పట్టుకెళ్లి పెద్ద పదవిలో కూచోబెడుతున్నట్టు!

మన ఇళ్లకు రండి. ఏకాదశి ఉపవాసం ఉన్నావిడ ఆ సంగతి పదిమందికీ తెలిసేదాకా నీరసపడుతూనే ఉంటుంది. గుడికి ట్యూబులైటు ఇచ్చినాయన దానిమీద పేరు ఎంత లావుగా రాయిస్తాడంటే ఆ మేరకు వెలుతురు తగ్గుతుంది. ఇప్పుడు చేతిలో ఫోను వచ్చింది. అభిషేకం జరుగుతూ ఉంటే స్వామికంటె ముందు మనం ఫొటోలో సరిగ్గా పడ్డామా అని చూసుకుంటాం. ఉపవాసం చెడ్డదా? దీపం చెడ్డదా? కాదు. అందుకే ఈ దొంగను పట్టుకోవడం కష్టం. చెడ్డపని చేయించేవాడయితే కేకవెయ్యవచ్చు. వీడు మంచిపనే చేయించి, దాని ఫలం మాత్రం నొక్కేస్తాడు.

పెద్ద పెద్దవాళ్లకే తప్పలేదు. ఇస్లాం మతాచార్యుల్లో ఎన్నదగిన ఘజాలీ 1091లో బాగ్దాదులోని నిజామియా విద్యాపీఠంలో ఆచార్యుడయ్యాడు. మూడువందలమంది శిష్యులు ఆయన దగ్గర చదువుకునేవారు. చెప్పేది మతశాస్త్రం. అంతకంటె పవిత్రమైన వృత్తి ఏముంటుంది? కాని 1095లో తన్ను తాను ప్రశ్నించుకున్నాడు: ఈ పాఠాలు దేవుడికోసం చెబుతున్నానా, పేరుకోసం చెబుతున్నానా? పేరుకోసమేనని లోపలినుంచి జవాబు వచ్చింది. పొద్దున్న అన్నీ వదిలి వెళ్లిపోదామనుకుంటాడు. సాయంత్రానికి ఆ నిశ్చయం కరిగిపోతుంది. ఇలా ఆరునెలలు గింజుకున్నాడు. చివరకు పాఠం చెబుదామంటే నాలుక కదల్లేదు. అన్నం గొంతు దిగలేదు. ఇది మందులకు లొంగదు, గుండెలోని బాధ అని వైద్యులు చేతులెత్తేశారు. మక్కాయాత్ర మిషమీద బాగ్దాదు విడిచి డమాస్కసు చేరి, అక్కడి పెద్ద మసీదు మీనారులో ఒంటరిగా గడిపాడు. పదేళ్లు దాటాక 1106లో నిషాపూరులో మళ్లీ పాఠాలు చెప్పాడు. అప్పుడు పేరు తెచ్చే చదువు చెప్పాను, ఇప్పుడు పేరు వదులుకునే చదువు చెబుతున్నాను అని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. పని మారలేదు, చూడండి. లోపలి దొంగ దొరికిపోయాడు, అంతే.

ఈ దొంగ చిరునామా మన గీతలోనూ ఉంది. ఇష్టం లేకపోయినా ఎవరో మెడబట్టి నెట్టినట్టు మనిషి పాపం ఎందుకు చేస్తాడని మూడో అధ్యాయంలో అర్జునుడు అడిగాడు. కామక్రోధాలు అని చెప్పి కృష్ణుడు ఊరుకోలేదు. అవి ఎక్కడ ఉంటాయో కూడా చెప్పాడు: ఇంద్రియాలు, మనస్సు, బుద్ధి. ఆ మూడో మాట గమనించండి. మంచిచెడ్డలు చెప్పవలసిన బుద్ధిలోనే దొంగ మకాం! కాపలావాడి గదిలోనే దొంగ పడుకుంటే ఆ ఇంటిగతి ఏమిటి?

ఇంత చెప్పాక పాఠకుల్లో కొందరికి బెంగ పుట్టవచ్చు. ఆ బెంగే ఈ దొంగకు ఆఖరి ఆయుధం. మా వీధిలో ఒక పెద్దావిడ ఉండేవారు. ఊరందరికీ పిన్నిగారే. ఒకనాడు నన్ను పిలిచి, "నాయనా, నాలుగు పుస్తకాలు చదివినవాడివి, ఒక్కమాట చెప్పు. దీపం వెలిగించి కళ్లు మూసుకుంటే నాకు దేవుడు రాడురా. మా తోడికోడలు వస్తుంది. ముప్ఫై ఏళ్లనాడు మా అత్తగారి నగలు పంచుకునేటప్పుడు అది అన్నమాట వస్తుంది. రోజంతా గుర్తుండదు. సరిగ్గా ఆ వేళకే వస్తుంది. ఇలాంటి మనస్సుతో దీపం పెట్టడం దేవుణ్ణి మోసగించడమే కదా? మానేద్దామనుకుంటున్నాను" అన్నారు.

ఆవిడ కంటనీరు పెట్టుకుని అడిగారు. అరవై ఏళ్లుగా పెడుతున్న దీపం అది.

"చీకట్లో మూలనున్న బూజు కనబడదు పిన్నిగారూ. దీపం పెడితే కనబడుతుంది. బూజు కనబడిందని దీపం ఆర్పేస్తామా?" అన్నాను. ఎవాగ్రియస్ సంగతి కూడా చెప్పాను. పగ పెట్టుకున్నవాడికి ఆ పగ ప్రార్థనవేళకే అడ్డం వస్తుందని ఆయన ఏనాడో రాశాడు. తలపు రావడం రాకపోవడం మన చేతిలో లేదు, వచ్చినదాన్ని ఉండనివ్వడం ఉండనివ్వకపోవడం మన చేతిలో ఉంది అన్నాడు. గుమ్మంలోకి ఎవరైనా వస్తారు. పీటవేసి, కాఫీ ఇచ్చి, ఇంకా ఏమిటి కబుర్లు అని అడిగితేనే గదా కూచుంటారు? పగకు ఆయన చెప్పిన మందు మరీ సులువు: అవతలివారికి ఏదైనా కానుక ఇవ్వు, లేదా పిలిచి అన్నం పెట్టు.

పిన్నిగారు కాసేపు ఆలోచించి, "దానికి గోంగూర పచ్చడంటే ప్రాణం" అన్నారు. ఆ వారంలోనే జాడీతో తోడికోడలి ఇంటికి వెళ్లి వచ్చారని విన్నాను. నగల మాట ఇద్దరూ ఎత్తలేదట.

కొన్నాళ్లకు కనిపిస్తే, "ఏం పిన్నిగారూ, ఇప్పుడు దీపం దగ్గరకు తోడికోడలు రావడం మానేసిందా?" అని అడిగాను.

"ఎందుకు మానేస్తుందిరా, వస్తూనే ఉంది. వస్తే రానీ. నేను పీట వెయ్యడం మానేశాను" అన్నారు.