గేరాయిలుకు దాత దొరకడు

మళ్లీ పొడుగు పోస్టే, కాఫీ పెట్టుకొని చదవండి. ఈసారి తెలుగు బడి గురించి కాదు, ఉగాది లెక్కల గురించీ కాదు. మన వ్యాను గేర్‌బాక్సు గురించి.

ఆదివారం సర్వసభ్య సమావేశం ఎజెండాలో మూడో అంశం చూశారు కదా: "పాత వ్యాను అమ్మకం, కొత్త వ్యానుకు విరాళాల సేకరణ". నేను దానికి వ్యతిరేకంగా చేయెత్తబోతున్నాను. ఎందుకో అక్కడ మూడు నిమిషాల్లో చెప్పలేను కనుక ఇక్కడ రాస్తున్నా.

ఆ వ్యాను ఏం చేస్తుందో ఈ మధ్య చేరినవాళ్లకు తెలియకపోవచ్చు. వారానికి రెండుసార్లు ఇద్దరు పెద్దవాళ్లను డయాలసిస్‌కు తీసుకెళ్లి తెస్తుంది. నెలకొకసారి తిరుమలకు పోతుంది. ఎవరింట్లోనైనా కష్టం వస్తే అర్ధరాత్రి బంధువులను చిత్తూరుకో మదనపల్లెకో చేరుస్తుంది. కిందటిసారి వ్యానుకు డబ్బు పోగవడానికి ఏడాదిన్నర పట్టింది. ఈ ఏడాదిన్నర ఆ ఇద్దరూ ఎట్లా పోవాలి? ఆటోలోనా?

ఇక జబ్బు సంగతి. బండి నిలబడి న్యూట్రల్‌లో ఉన్నా గుయ్యిమని మోత వస్తోంది. ఒక గ్యారేజీవాళ్లు బాక్సు దించకుండానే "మొత్తం మార్చాలి, లక్ష దాటుతుంది" అన్నారు. ఆ ఒక్క మాట మీదే అమ్మకం ప్రతిపాదన పుట్టింది. మొన్న నేను, మన డ్రైవరు కలిసి బండి స్టార్ట్ చేసి విన్నాం. క్లచ్ తొక్కితే మోత ఆగిపోతోంది, వదిలితే మళ్లీ వస్తోంది. ఇది చిన్న విషయం కాదు. క్లచ్ వదిలి ఉన్నంతసేపూ న్యూట్రల్‌లో కూడా గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు ఇంజనుతో పాటు తిరుగుతూనే ఉంటుంది. తొక్కగానే తెగి ఆగుతుంది. అంటే అనుమానించాల్సింది ముందుగా ఆ షాఫ్టు బేరింగును. అదే తొక్కినప్పుడు మాత్రమే మోత వస్తే రిలీజ్ బేరింగు. ఒక్క మూడో గేరు వేసేటప్పుడే గరగరమంటే ఆ గేరు సింక్రో రింగు. ఇంజను అరుస్తున్నా బండి ముందుకు పోకపోతే బాక్సు జోలికే పోనక్కర్లేదు, క్లచ్ ప్లేటు జారుతోందని అర్థం. జె.సి. రోడ్డులో బేరింగు అడగండి, బాక్సు అడగండి, రెండు ధరలూ విని వచ్చి మీరే చేయెత్తండి.

బేరింగు ఎందుకు పోయింది? లాగ్‌బుక్కు తిరగేశాను. ఇంజనాయిలు ప్రతిసారీ మార్చారు, తేదీలతో సహా ఉంది. గేరాయిలు ఆరేళ్లలో ఒక్కసారి కూడా మార్చినట్టు లేదు. డ్రైవరును తప్పుపట్టను. గేరాయిలు ఇంజనాయిలులాగా పొగచూరదు, తగ్గినా చాలా బండ్లలో ముందు ఏ దీపమూ వెలగదు. షాఫ్టు సీలు దగ్గర చుక్కచుక్కగా కారుతూ ఉంటుంది, పార్కింగులో నేల మీద మరక చూసి కూడా పక్కబండిదేమో అనుకుంటాం. బాక్సులో నూనె తగ్గితే బేరింగులు ఎండుతాయి, అరిగిన ఇనుప పొడి మిగిలిన నూనెలో తిరుగుతూ తక్కిన పళ్లను కూడా తింటుంది. పోసేటప్పుడు కూడా మాన్యువల్లో రాసిన రకమే పోయాలి. జిఎల్-4 పోయమన్న బాక్సులో "ఇది ఇంకా గట్టిది సార్" అని జిఎల్-5 పోస్తుంటారు. దానిలో ఎక్కువగా ఉండే గంధకపు రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులకు పడకపోవచ్చు.

ఇక్కడే నా అసలు ఫిర్యాదు. వ్యాను కొనడానికి దాతలు వస్తారు, డోరు మీద పేరు రాయిస్తాం, ఫొటో తీస్తాం. మంచిదే. రెండు మూడు లీటర్ల గేరాయిలు మీద ఎవరి పేరు రాస్తాం? మన బడ్జెట్టులో డీజిల్ ఉంది, ఇన్సూరెన్సు ఉంది, శాలువాలు కూడా ఉన్నాయి. నిర్వహణ అన్న పద్దు లేదు. ఇట్లాగే ఉంటే కొత్త వ్యాను కూడా ఆరేళ్లకు గుయ్యిమంటుంది.

సొంత కార్ల గురించీ ఒక మాట. మనలో సగంమంది ఇప్పుడు ఆటోమేటిక్ నడుపుతున్నారు. "సార్, ఇందులో ఆయిలు లైఫ్‌టైమ్, మార్చనక్కర్లేదు" అని షోరూములో చెప్తే నమ్మకండి. ఎన్నో కంపెనీల కార్లకు ఆటోమేటిక్ బాక్సులు చేసిచ్చే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్ తన బాక్సుల్లో 80 వేల నుంచి 1 లక్షా 20 వేల కిలోమీటర్లకు, లేదా 8 ఏళ్లకు నూనె మార్చమని తానే చెప్తోంది. ఎవరి జీవితకాలం అన్నది అడగాల్సిన ప్రశ్న. మాన్యువల్ వెనక పేజీల్లో "కఠిన వాడకం" అని వేరే పట్టిక ఉంటుంది: ఆగి ఆగి పోయే ట్రాఫిక్, కొండదారి, దుమ్ము. సిల్క్ బోర్డు జంక్షను దాటేవాళ్లు ఆ పట్టికే చూసుకోవాలి. మన దేశంలో 2014లో సెలేరియోతో మొదలైన ఏఎంటీ అయితే లోపల మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే, మన కాలికి బదులు యంత్రం తొక్కుతుంది, అంతే. ఫ్లైఓవరు ఎక్కేచోట బ్రేకు వదిలి యాక్సిలరేటరుతో బండిని పట్టి నిలబెడితే క్లచ్ కాలుతుంది. స్వల్ప అడ్జస్ట్ మాడి అంటే వినే రకం కాదది.

తిరుమల ట్రిప్పు కాబట్టి ఇది కూడా చెప్పాలి. మొగిలి ఘాట్ దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసే డ్రైవర్లున్నారు. ఇంకొందరు ఇంజను కూడా ఆపేస్తారు. ఇంజను ఆగితే నాలుగు తొక్కులకు బ్రేకు రాయిలా బిగుస్తుంది, స్టీరింగు బరువెక్కుతుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని లారీ డ్రైవర్లు ఊరికే అనరు. గేరు బండిని పట్టి ఉంచితేనే బ్రేకులు కాలకుండా ఉంటాయి. వెనక పన్నెండుమంది పెద్దవాళ్లు కూర్చుని ఉంటారు, గోవిందనామాలు చెప్తూ. గేరు జారిపోయే బాక్సుతో ఆ ఘాట్ దిగకూడదు. అందుకే రిపేరు అయ్యేదాకా ఈ నెల తిరుమల ట్రిప్పు ఆపమని కూడా అడుగుతున్నాను. కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి.

కోశాధికారి గారు నిన్న ఫోనులో న్యాయమైన ప్రశ్నే అడిగారు: "విప్పాక పళ్లు కూడా పోయి ఉంటే?" పోయి ఉంటే అప్పుడు అమ్మకం మాట్లాడదాం, నేనే బలపరుస్తాను. విప్పి చూసిన కూలీ మాత్రం నష్టం. మూత తియ్యకుండా లక్షల నిర్ణయం చెయ్యడం కంటే అది చవక.

కాబట్టి నా తీర్మానం ఇది. బాక్సు దించి, విప్పి, చెడిన భాగాలు కమిటీ ముందు పెట్టాలి. ఎట్లాగూ దించుతున్నాం కనుక క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, సీళ్లు అప్పుడే చూసి, అరిగినవి మార్చాలి. మళ్లీ దించితే మళ్లీ కూలీ. ఏడాది బడ్జెట్టులో "వాహన నిర్వహణ" అని పద్దు తెరవాలి, గేరాయిలు మార్చిన తేదీ, కిలోమీటర్లు లాగ్‌బుక్కులో రాసి కార్యదర్శి సంతకం పెట్టాలి.

శనివారం పొద్దున 8 గంటలకు వ్యాను సంఘం ఆఫీసు ముందే ఉంటుంది. వచ్చి క్లచ్ తొక్కి మీరే వినండి. డయాలసిస్ ట్రిప్పు 10 గంటలకు, అంతలోపు రండి.